ఎవరి వైపు నుంచి వచ్చింది?

2025 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలకిచ్చే బ్రేక్‌త్రూ బహుమతులు ప్రకటించారు. జీవశాస్త్రాల విభాగంలో స్టీఫెన్ హౌసర్ పేరు కనిపించగానే స్టాఫ్‌రూమ్‌లో అందరికీ మైసూర్‌పాక్ తెప్పించి పెట్టాను. “ఎవరు మేడమ్ ఆయన, మీవాళ్ళా?” అని ఫిజిక్స్ మాస్టారు అడిగారు. మావాళ్ళ కిందే లెక్క అన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే ఆ డాక్టర్ని నేను చూసింది లేదు. ఆయన 40 ఏళ్ళ పైబడిన పని మాత్రం ఆరు నెలలకోసారి మా చెల్లి చేతి నరంలోకి చుక్కచుక్కగా ఎక్కుతోంది.

నేను తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. చెల్లికి మల్టిపుల్ స్క్లిరోసిస్, ఇంట్లో ఎమ్మెస్ అంటాం. అది మొదట బయటపడింది ఒక ఎండాకాలం డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే. ఎడమ కన్ను మూసుకుంటే కాయలు ఎర్రగా ఉన్నాయట. కుడి కన్ను మూసుకుంటే అవే కాయలు నాలుగు వానలు తిన్న ఇటుకరాయి రంగులో వెలిసిపోయి కనిపిస్తున్నాయట. కన్ను తిప్పితే లోపల నొప్పి. చూపు నరం వాచిందని చెప్పి స్టిరాయిడ్లు ఇచ్చారు, తగ్గింది, మేమూ మర్చిపోయాం. మరుసటేడు నడుం కింద నుంచి పాదాల దాకా తిమ్మిరి పట్టుకుంది. ఎమ్మారైలో మెదడులోనూ వెన్నుపాములోనూ తెల్లమచ్చలు. నరాల పోగులకు చుట్టుకుని ఉండే మైలిన్ అనే కొవ్వుపొరను మన సొంత రోగనిరోధక కణాలే కొరికేస్తున్నాయని, ఆ మచ్చలు వాటి గుర్తులేనని న్యూరాలజిస్టు విడమర్చి చెప్పారు.

జబ్బు కంటే ముందు మమ్మల్ని కుంగదీసింది ఒక ప్రశ్న. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ, పళ్ళసంచీ కింద పెట్టకముందే, “ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?” అనేవారు. మా మేనత్త అయితే, “మీ అమ్మ వాళ్ళ నాన్నకి చివర్లో కాళ్ళు పడిపోయాయి కదే” అని తేల్చేసింది. తాతయ్యకు వచ్చింది బీపీ ఎక్కువై పక్షవాతం. అయినా అమ్మ మారుమాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది. అప్పటికి చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. అమ్మ పుట్టింటి మీద పడ్డ ఆ మచ్చ తుడవాలన్న పంతంతోనే నేను ఎమ్మెస్ జన్యువుల గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ చదువంతటా మలుపుమలుపులోనూ హౌసర్ ఎదురయ్యాడు.

ఆయనది హార్వర్డ్‌లో వైద్యవిద్య, 1975లో పట్టా. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో న్యూరాలజీ నేర్చుకునే రోజుల్లో ఒక అమ్మాయి రోగిగా వచ్చింది. వైట్‌హౌస్‌లో పనిచేస్తున్న యువ న్యాయవాది. ఎమ్మెస్ ఒక్కసారిగా విరుచుకుపడి ఆమె మాట తీసేసింది, శరీరంలో ఒక పక్కను పడేసింది, మింగడం కూడా రాకుండా చేసింది. వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. తన జీవితం దేనికి పెట్టాలో ఆ అమ్మాయి మంచం పక్కనే తేలిపోయిందని హౌసర్ ఎన్నోసార్లు చెప్పాడు. ఆ తర్వాత ఇమ్యునాలజీ నేర్చుకోవడానికి పారిస్‌లోని పాశ్చర్ సంస్థ దాకా వెళ్ళాడు. 1983లో హోవర్డ్ వైనర్‌తో కలిసి, ముదిరిన ఎమ్మెస్‌కు సైక్లోఫాస్ఫమైడ్ అనే కేన్సర్ మందు ఇచ్చి చూసిన ఫలితాలు ప్రచురించాడు. రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్ని అణిచేస్తే కొందరిలో జబ్బు నెమ్మదిస్తుందని తేలింది. కానీ ఆ మొత్తంలో అసలు దోషి ఎవరు?

అప్పట్లో అందరి వేళ్ళూ రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టీ కణాల వైపే. దానికి కారణం ఎలుకలు. ఎలుకకు మైలిన్ ప్రోటీను ఎక్కిస్తే ఎమ్మెస్‌ను పోలిన జబ్బు వస్తుంది. 1981లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేసి, మైలిన్‌ను గుర్తుపట్టే టీ కణాలను మాత్రమే ఆరోగ్యంగా ఉన్న జంతువుకి ఎక్కించినా జబ్బు వస్తుందని చూపించారు. ఇక వాదించేదేముంది? ఇంకో రకమైన బీ కణాల మాట ఎత్తినవాళ్ళు తక్కువ. నిజానికి ఎమ్మెస్ రోగుల వెన్నునీటిలో యాంటీబాడీ జాతి ప్రోటీన్లు ఎక్కువగా ఉంటున్నాయని 1940ల్లోనే ఎల్విన్ కాబాట్ కనిపెట్టాడు. యాంటీబాడీలు తయారయ్యేది బీ కణాల వంశంలోనే. యాభై ఏళ్ళ పాటు అందరి కళ్ళముందూ ఉన్న ఆనవాలు అది.

హౌసర్‌కు ఎలుక జబ్బు మనిషి జబ్బులా అనిపించలేదు. ఎలుకలో వాపు ఉంటుంది కానీ, మనిషి మెదడులోలా మైలిన్ పలకలు పలకలుగా ఊడిపోదు. అందుకని ఆయన, క్లాడ్ జెనైన్, మరికొందరు మార్మొసెట్ అనే చిన్న కోతుల మీద పని మొదలుపెట్టారు. జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మార్మొసెట్లకు సాధారణంగా కవలలు పుడతాయి. తల్లి కడుపులో ఆ రెండు పిల్లల మాయలూ కలిసిపోయి, ఒకరి రక్తకణాలు ఇంకొకరిలోకి వెళ్ళి స్థిరపడిపోతాయి. కాబట్టి ఒక కవలలోని టీ కణాలు తీసి రెండో కవలకు ఎక్కిస్తే పరాయివని శరీరం తిప్పికొట్టదు. కోతిజాతిలో ఇలాంటి ప్రయోగానికి ఇంత చక్కని వీలు ఇంకెక్కడ దొరుకుతుంది?

టీ కణాలు మాత్రమే ఎక్కిస్తే కోతి మెదడులో వాపు వచ్చింది, మైలిన్ మాత్రం పెద్దగా పోలేదు. దానికి మైలిన్ మీద దాడిచేసే యాంటీబాడీలు కూడా తోడయ్యాకే మనిషిలో కనిపించే రకం మచ్చలు ఏర్పడ్డాయి. అది 1995 నాటి మాట. అప్పటికి హౌసర్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో న్యూరాలజీ విభాగాధిపతి. 1999లో న్యూయార్క్‌లోని సెడ్రిక్ రెయిన్‌తో కలిసి, మనుషుల మెదడు మచ్చల్లోనూ, సరిగ్గా మైలిన్ విచ్చిపోతున్న చోటే అలాంటి యాంటీబాడీలు ఉన్నాయని చూపించారు.

సరే, బీ కణాలను తీసేస్తే? తీసేసే మందు అప్పటికే ఉంది. రిటుక్సిమాబ్. బీ కణాల కేన్సర్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. బీ కణం ఒంటి మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని దాన్ని చంపుతుంది. ఎమ్మెస్‌లో పరీక్షిస్తామంటే ప్రభుత్వ పరిశోధనా నిధి రాలేదు. జీవశాస్త్రపరంగా ఇది నమ్మశక్యంగా లేదన్నారట సమీక్షకులు. చివరికి మందు తయారుచేసే జెనెన్‌టెక్ కంపెనీ ఒక చిన్న పరీక్షకు ఒప్పుకుంది. మొత్తం 104 మంది. 69 మందికి మందు, 35 మందికి ఉత్తుత్తి మందు.

ఫలితం 2008 ఫిబ్రవరిలో అచ్చయింది. మెదడులో కొత్తగా రేగే మచ్చలు 91 శాతం తగ్గాయి. ఈ అంకె నేను మొదటిసారి చదివినప్పుడు చెల్లిని నిద్రలేపి మరీ చెప్పాను.

అంకె కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది మరొకటి. హౌసర్ యాంటీబాడీల కోసమే ఈ దారి పట్టాడు. కానీ యాంటీబాడీలను కుమ్మరించే ముదురు ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు. మందు వాటిని తాకదు. రక్తంలో యాంటీబాడీలు అంతగా తగ్గలేదు, మచ్చలు మాత్రం కొన్ని వారాల్లోనే ఆగిపోయాయి. అంటే బీ కణం ఇంకేదో చేస్తోంది. శత్రువు ముక్కను పట్టుకుని టీ కణానికి చూపించి, రసాయన సంకేతాలు వదిలి, దాన్ని రెచ్చగొడుతోంది. ఊహించిన కారణం పూర్తిగా సరికాదు, ఎంచుకున్న గురి మాత్రం సరైనదే. ఆయన ఆ ఫలితాన్ని తన సిద్ధాంతానికి అనుకూలంగా వంచలేదు, సిద్ధాంతాన్నే మార్చుకున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఇమ్యూనిటీ పాఠంలో బీ కణమంటే యాంటీబాడీ అని చెప్పి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఈ కథ చెప్పకుండా ముందుకు వెళ్ళను. పరీక్షలో రాదు మేడమ్ అంటారు, రాకపోయినా వింటారు.

తర్వాత కంపెనీ ఎమ్మెస్ కోసం ముందుకు తీసుకెళ్ళింది రిటుక్సిమాబ్‌ను కాదు, అదే గురి ఉన్న ఆక్రెలిజుమాబ్‌ను. రెండు పెద్ద పరీక్షల్లో కలిపి 1,656 మందిపై, అప్పటిదాకా వాడుతున్న ఇంటర్‌ఫెరాన్‌తో పోల్చి చూశారు. జబ్బు తిరగబెట్టడం దాదాపు సగం తగ్గింది. మొదటి నుంచీ మెల్లగా ముదురుతూనే పోయే రకం ఎమ్మెస్‌పై 732 మందితో చేసిన మరో పరీక్షలో వైకల్యం ముదరడం 24 శాతం తగ్గింది. చిన్న అంకెలా ఉంటుంది గానీ, ఆ రకానికి అంతకుముందు అనుమతి పొందిన మందే లేదు. 2017 మార్చి 28న అమెరికాలో అనుమతి వచ్చింది.

మా ఇంటికి వచ్చింది మాత్రం పాత రిటుక్సిమాబే. ఇక్కడ మనవాళ్ళ పాత్ర ఉంది. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్‌ను తమ సొంతంగా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చారు. కేన్సర్ రోగుల కోసం తెచ్చినదే. తర్వాత మన దేశంలో ఎమ్మెస్ రోగులకు కూడా డాక్టర్లు రిటుక్సిమాబ్ రాయడం మామూలైంది, ఎందుకంటే ఆక్రెలిజుమాబ్ ఖరీదు మాలాంటివాళ్ళం ఎత్తుకోలేం. స్వీడన్‌లోనూ ఎమ్మెస్‌కు ఎక్కువగా రిటుక్సిమాబే వాడతారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఎమ్మెస్‌కు అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆ వార్త మన పేపర్లలో ఒక మూలన వచ్చిపోయింది. నా దృష్టిలో మొదటి పేజీ వార్త.

మందెక్కించే రోజు ఎలా ఉంటుందో చెప్తాను, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు భయం తగ్గుతుంది. ముందు రక్తపరీక్ష, బీ కణాలెన్ని ఉన్నాయో చెప్పే సీడీ19 లెక్క, ఛాతీలో జలుబూ జ్వరం లేవని నిర్ధారణ. విజయవాడలో పొద్దున్నే వార్డులో చేరతాం. పారాసిటమాల్ మాత్ర, అలర్జీ రాకుండా ఎవిల్, స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి అరగంట ఆగుతారు. ఎవిల్‌కి చెల్లి కళ్ళు మూతలు పడిపోతాయి. సీసా తగిలించాక మొదట చాలా మెల్లగా వదులుతారు, సిస్టర్ అరగంటకోసారి బీపీ చూసి కొంచెం కొంచెం వేగం పెంచుతుంది. తొలి డోసుకి గొంతులో దురద మొదలైంది. వెంటనే ఆపేశారు, కాసేపాగి సగం వేగంతో మళ్ళీ పెట్టారు, ఏమీ కాలేదు. గొంతు దురద, చలి, దద్దురు, ఏది మొదలైనా ఓర్చుకోకుండా సిస్టర్‌ని పిలవాలి. మనవాళ్ళు ఓర్చుకోవడం గొప్పనుకుంటారు, ఇక్కడ అది పనికిరాదు. సాయంత్రానికి ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకుంటుంది.

ఇప్పుడు మా మేనత్త ప్రశ్నకు వస్తాను. హౌసర్ బీ కణాల వెంట పడుతూనే, రెండో చేత్తో ఎమ్మెస్ జన్యువుల పనీ చేస్తూ వచ్చాడు. నా లెక్కలో ఆయన ఓపిక కనిపించేది ఇందులోనే.

1972లో డెన్మార్క్, అమెరికా పరిశోధకులు ఎమ్మెస్‌కూ, ఆరో క్రోమోజోమ్ మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ జన్యువులకూ సంబంధం ఉందని చూశారు. కణం బయటికి శత్రువు ముక్కలు చూపించే పళ్ళేలు ఆ జన్యువుల నుంచే తయారవుతాయి. వాటిలో డీఆర్‌బీ1 15:01 అనే రకం ఉంటే ఎమ్మెస్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు. ఉత్తర ఐరోపాలో దాదాపు నలుగురిలో ఒకరు దాన్ని మోస్తూనే ఉంటారు, జబ్బు వచ్చేది వెయ్యిలో ఇద్దరికో ముగ్గురికో. మరి మిగతా జన్యువులేవి? ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాలను వెతికి, వాళ్ళ రక్తం సేకరించి, 1996లో బ్రిటన్, కెనడా, అమెరికా బృందాలు మూడూ ఒకే పత్రిక ఒకే సంచికలో ఫలితాలు ప్రచురించాయి. అమెరికా బృందంలో హౌసర్ ఉన్నాడు. హెచ్‌ఎల్‌ఏ తప్ప గట్టిగా ఏదీ చేతికి రాలేదు. 2003లో కేంబ్రిడ్జ్‌కు చెందిన అలస్టైర్ కాంప్‌స్టన్‌తోనూ, మరికొందరితోనూ కలిసి అంతర్జాతీయ కూటమి కట్టారు. 2005లో 730 కుటుంబాలతో మళ్ళీ వెతికారు. మళ్ళీ హెచ్‌ఎల్‌ఏ ఒక్కటే.

అప్పుడు అర్థమైంది. కుటుంబాల్లో వెతికితే దొరికేంత బలం ఉన్న జన్యువులే ఇంకేమీ లేవు. ఉన్నవన్నీ చిన్నాచితకా ప్రభావాలు. వాటిని పట్టాలంటే సంబంధం లేని వేలమందిని పోల్చాలి. 2007లో ఐఎల్2ఆర్‌ఏ, ఐఎల్7ఆర్ అనే రెండు జన్యువులు తేలాయి. హెచ్‌ఎల్‌ఏ తర్వాత 35 ఏళ్ళకు! 2011లో 15 దేశాల నుంచి 9,772 మంది రోగులతో యాభై దాటాయి. 2019లో 47,429 మంది రోగులను, 68,374 మంది ఆరోగ్యవంతులను పోల్చి, మొత్తం 233 చోట్ల తేడాలు గుర్తించారు.

233. అమ్మకు ఈ అంకె చూపించి వివరంగా చెప్పాను. అందులో ఏ ఒక్కటీ ఎమ్మెస్ జన్యువు కాదు. ప్రతిదీ లోకంలో కోట్లమందికి ఉండే మామూలు తేడానే, ఒక్కొక్కటీ అవకాశాన్ని కాస్తంత కదిలిస్తుంది, అంతే. చెల్లికి వాటిలో కొన్ని అమ్మ నుంచి వచ్చాయి, కొన్ని నాన్న నుంచి వచ్చాయి. నాకూ వచ్చాయి. నాకు జబ్బు లేదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఎమ్మెస్ వస్తే, రెండోవారికి వచ్చేది నూటికి పాతిక ముప్పై సార్లే. జన్యువులన్నీ ఒకటే అయినా! మా మేనత్త పుట్టింటి జన్యువులూ ఇందులో సగం వాటాదారులే కదా, అది నాన్నగారి పుట్టిల్లే కాబట్టి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే, 2024 జనవరిలో పాత ఎముకల డీఎన్‌ఏ చదివినవాళ్ళు, ఐరోపాలో ఈ 15:01 రకం సుమారు 5,000 ఏళ్ళ కింద స్టెప్పీ మైదానాల పశుపాలకులతో పెరిగిందని, ఆనాటి అంటురోగాల నుంచి కాపాడి ఉండవచ్చని రాశారు. ఎవరి వంశాన్ని తిడతాం?

ఇంకో సంగతి. ఈ తేడాల్లో చాలావరకు మెదడు కణాల పనికి సంబంధించినవి కావు, టీ కణాలు, బీ కణాలు, మెదడులో కాపలా ఉండే మైక్రోగ్లియా లాంటి రోగనిరోధక కణాలవి. గాయం మెదడుకు, మొదలు రక్షణ వ్యవస్థలో. హౌసర్ రెండు చేతులతో చేసిన రెండు పనులూ ఒకే చోటికి చేరాయి.

ఈ జాబితా ప్రాణాలు కాపాడే జాగ్రత్తలు కూడా చెప్తుంది. కీళ్ళవాతంలో, వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీనును అడ్డుకునే మందులు బాగా పనిచేస్తాయి. 1990ల్లో అలాంటి లెనర్‌సెప్ట్‌ను ఎమ్మెస్‌లో ప్రయత్నిస్తే జబ్బు పెరిగింది. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లోని లార్స్ ఫుగ్గర్ బృందం, ఎమ్మెస్ జాబితాలోని ఒక జన్యు తేడా శరీరంలోనే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ప్రోటీనును తయారుచేయిస్తోందని కనిపెట్టింది. అందుకే చెల్లి ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో “టీఎన్ఎఫ్ నిరోధకాలు వద్దు” అని రాసిపెట్టాం. ఏ కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ పేజీ తెరుస్తాం.

ఇవన్నీ తెల్లవాళ్ళ లెక్కలు కదా, మనకు వర్తిస్తాయా అని ఎవరైనా అడగొచ్చు. హౌసర్ దగ్గరే పనిచేసిన హోర్హే ఓక్సెన్‌బర్గ్ ఈ ప్రశ్న ముందే వేసుకుని, 2004లో ఆఫ్రికన్ అమెరికన్ రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ ప్రాంతాన్ని పరిశీలించాడు. ఐరోపావాళ్ళలో ఎప్పుడూ కలిసే ఉండే రెండు పక్క జన్యువులు వీళ్ళలో విడివిడిగా ఉంటాయి కాబట్టి, అసలు దోషి డీఆర్‌బీ1 అని తేల్చగలిగాడు. మన దగ్గర మంగళూరులో డాక్టర్ లేఖా పండిట్ భారతీయ రోగుల రక్తం సేకరించి కేంబ్రిడ్జ్ వాళ్ళతో కలిసి పోల్చారు. ఐరోపా జాబితాలోని తేడాలు చాలావరకు మనవాళ్ళలోనూ అదే దిశలో కనిపించాయి. ఆ జాబితాలో మన రక్తం చాలా తక్కువ. ఎవరైనా డాక్టరు పరిశోధనకు నమూనా అడిగితే ఇవ్వండి. మా చెల్లి ఇచ్చింది.

హౌసర్‌తో బహుమతి పంచుకున్న అల్బెర్టో అస్కేరియోది మరో సగం కథ. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా రక్తనమూనాల నుంచి, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకినవాళ్ళకు ఎమ్మెస్ అవకాశం 32 రెట్లు పెరుగుతుందని 2022లో ఆయన బృందం చూపించింది. ఆ వైరస్ దాక్కునేది ఎక్కడో తెలుసా? బీ కణాల్లో. అయితే అది పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఉంటుంది, కాబట్టి అదొక్కటే చాలదు. తీరని పని ఇంకోటి ఉంది. మచ్చలు ఆగినా కొందరిలో నడక మెల్లగా దిగజారుతూనే ఉంటుంది, దానికి ఈ మందులు పెద్దగా అందవు. 2023లో జబ్బు తీవ్రతకు సంబంధించిన మొదటి జన్యు తేడా దొరికింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అది వచ్చినవాళ్ళకు చేతికర్ర అవసరం సుమారు నాలుగేళ్ళు ముందే పడుతోందట. ఇది మాత్రం రోగనిరోధక కణాల కంటే నాడీవ్యవస్థ ఓర్పు వైపు వేలు చూపిస్తోంది. నేనిప్పుడు ఎక్కువగా చదువుతున్నది దీని గురించే.

చెల్లికి పెళ్ళయింది. మాట అనుకోకముందే ఎమ్మారై ఫిల్ములతో సహా ఫైలంతా అబ్బాయి ముందు పెట్టాం, అతను రెండు రోజులు తీసుకుని సరే అన్నాడు. మొన్న ఇద్దరూ న్యూరాలజిస్టుని పిల్లల గురించి అడిగారు. చివరి డోసుకూ గర్భానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో, ప్రసవం తర్వాత ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో ఆయన కాగితం మీద నెలలవారీగా రాసిచ్చారు. పుట్టే బిడ్డకు వస్తుందా అని చెల్లి అడిగింది. విదేశాల లెక్కల ప్రకారం నూటికి రెండు మూడు, మన దేశంలో జబ్బే తక్కువ కాబట్టి ఇంకా తక్కువే ఉండొచ్చు అన్నారు. మా మరిది, “అయితే ఆ కాగితంలో మొదటి నెల ఎప్పుడు వేసుకోమంటారు సార్?” అని అడిగాడు.